మరియమ్మకు అటూ ఇటూ

మధ్యాహ్నం పక్కింటి వాళ్లు ప్రహరీగోడకు సున్నం వేయించారు. బకెట్‌లో రాతిసున్నం వేసి నీళ్లు పోయగానే అది బుసబుసా పొంగింది. ఆ వేడి వాసన కిటికీలోంచి మా వంటింట్లోకి వచ్చింది. కడపలో ఇప్పుడు అందరూ రంగు డబ్బాలే కొంటున్నారు. ఈ వాసన పీల్చి చాలా కాలమైంది. బాబుకు ఘాటు తగులుతుందేమో, దగ్గు పట్టుకుంటుందేమో అని ముందు కిటికీ మూశాను. కాసేపటికి మళ్లీ తెరిచాను. నాకు సున్నం వాసనంటే మా ఊరి సమాధుల పండగ, సమాధుల పండగంటే రూతమ్మ టీచర్. వాడు నిద్రపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను.

మా ఊరు వేంపల్లె దగ్గర. ఊరికి ఎడంగా మా పేట, పేట చివర చర్చి, దాని వెనక సమాధుల తోట. రూతమ్మ టీచర్ చర్చి బడిలో మా నాయనకూ నాకూ అక్షరాలు నేర్పింది. పెళ్లి చేసుకోలేదు. పాస్టర్ గారు నెలకొక ఆదివారమే వచ్చేవారు కాబట్టి చర్చి తాళంచెవి, పాత రిజిస్టర్లు ఆమె దగ్గరే ఉండేవి. ఏటా సమాధుల పండగకు ముందు రోజు ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని సున్నం కలిపేది. ఎవరి సమాధికి వాళ్లు సున్నం కొట్టుకునేవాళ్లు. మరుసటి రోజు ప్రార్థనలో పాస్టర్ గారు చనిపోయిన వాళ్ల పేర్లన్నీ చదివేవారు.

మా వంశంలో అన్నిటికంటే పాత సమాధి మరియమ్మది, మా నాయనకు ముత్తవ్వ. ఆ సమాధికి రెండు పక్కలా ఒక్కో మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంటుంది. తోటలో ఎంత ఇరుకైనా అక్కడ ఎవరినీ పెట్టనివ్వరు. మేము ఏటా ఆ రెండు చోట్లా గడ్డి మాత్రం పీకేవాళ్లం. మొదటి ప్రపంచ యుద్ధం నాడు కరువుకు తాళలేక ఆమె పెద్దకొడుకులిద్దరూ సైన్యపు కూలీ దళంలో చేరి ఇరాక్‌లోని బస్రాకు పోయారట. మళ్లీ రాలేదు. అక్కడే ఇండ్లు కట్టుకున్నారని, కన్నతల్లిని మరిచిపోయారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. మరియమ్మ మాత్రం పోయేముందు అటొకడికి, ఇటొకడికి జాగా వదలమందట. ఊర్లో మిగిలిన మూడో కొడుకు వంశం మాది. అంగడికి పంపిన పిల్లలు ఆలస్యం చేస్తే మా జేజి, అంటే మా నాయనమ్మ, "వీడూ బస్రాకు పోయినాడు" అనేది. అందరూ నవ్వేవాళ్లు.

బాబుకు అయిదో నెలలో నా భర్త డ్రైవర్ పనికి కువైట్ వెళ్లాడు. వెళ్లే రోజు జేజి అతని చేయి పట్టుకుని, "ఏమప్పా, బస్రాకు పోయినోళ్ల మాదిరి చేయొద్దు" అంది.

"వాళ్లు పోయింది వేరే దేశం గదా జేజీ. నాది దానికి పక్కూరు" అన్నాడతను. ఆ రోజూ అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బాబుతో పుట్టింట్లో ఉండిపోయాను. మొదట్లో రోజూ ఫోన్ వచ్చేది. తర్వాత రెండు రోజులకొకసారి, ఆ తర్వాత శుక్రవారం, శుక్రవారం. అక్కడికి వెళ్లినవాళ్లు నిజంగా మరిచిపోతారా అనే ప్రశ్న నన్ను పట్టుకుంది. అది ఎవరినీ అడగలేక, బస్రాకు పోయిన ఆ ఇద్దరి గురించి వెతకడం మొదలుపెట్టాను. ఆ యుద్ధంలో చనిపోయిన వాళ్ల జాబితాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటిలో వాళ్ల పేర్లు లేవు. లేకపోతే బతికే ఉన్నారన్నమాట. బతికుండీ రాలేదన్నమాట. అయినా వెతకడం మానలేదు.

సాయంత్రాలు బాబును ఎత్తుకుని టీచర్ ఇంటి ముందు బండల అరుగు మీద కూర్చునేదాన్ని. ఆమె చెనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేది.

"ఏమ్మే, బిడ్డను ఒళ్లో పెట్టుకోని ఆ ఫోన్లో ఏం దేవులాడుతాండావు?"

"బస్రాకు పోయినోళ్లను, టీచరమ్మా."

"దొరికితే ఏం చేస్తావు? పోయి కొట్టొస్తావా?"

"ఎందుకు రాలేదో తెలుసుకోవాల."

ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్వు దేవులాడేది వాళ్లనా, నీ మొగున్నా?"

నేను మళ్లీ ఫోన్‌లోకి చూశాను. ఆమె ఇక ఆ మాట పొడిగించలేదు. "ఏం పేర్లు కొడతాండావు?" అని మాత్రం అడిగింది.

"దానియేలు, సమూయేలు."

"బడిలో నీ పేరేంది?"

"సునీత."

"చర్చిలో?"

"ఎస్తేరు."

"పుట్టినప్పటి నుంచి రెండు పేర్లతో తిరుగుతాండావు. వాళ్లకు మాత్రం ఒగటే పేరని ఎట్ల అనుకున్యావు? కూలోళ్లను రాసుకునే తెల్లోని దగ్గర నిలబడి దానియేలు అంటారా? ఊరు ఏమని పిలిస్తే అదే చెప్పింటారు."

డిగ్రీ చదివినదాన్ని. నా సర్టిఫికెట్లలో ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. మా పేటలో అందరికీ అంతే. అయినా ఆ ఆలోచనే నాకు రాలేదు. టీచర్ ట్రంకు పెట్టె తెరిచి, వేపాకుల మధ్య గుడ్డలో చుట్టిన బాప్తిస్మపు రిజిస్టరు తీసింది. సిరా గోధుమరంగుకు తిరిగింది. పక్క గడిలో పూర్వ నామము అని ఉంది. ఆమె నా చూపుడువేలు పట్టుకుని ఆ వరుస కింద పెట్టింది.

"నువ్వే చదువు. నేను చదివితే అది నా చదువైతాది."

దానియేలు, ఓబన్న. సమూయేలు, పుల్లన్న. తండ్రి సుంకన్న.

ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా రాసి చూశాను. మూడో రోజు బాబుకు పాలిస్తుండగా దొరికారు. ఇద్దరూ ఒకే దళం. సుంకన్న కొడుకు, మా ఊరి పేరు, కడప జిల్లా. ఇద్దరి మరణాలకూ మధ్య పంతొమ్మిది రోజులు. ముందు ఓబన్న, తర్వాత పుల్లన్న. మా ఇంట్లో చెప్పుకునే లెక్క ప్రకారం ఇల్లు విడిచి ఏడాది కూడా కాలేదు. ఎలా చనిపోయారో రాయలేదు. ఇద్దరికీ సమాధి లేదు.

బాబును చంకనేసుకుని టీచర్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. "వాళ్లు మరిచిపోలేదు టీచరమ్మా. యుద్ధంలోనే చచ్చిపోయినారు" అన్నాను. అప్పుడు నా మొహం ఎలా ఉందో ఆమె మొహం చూసి తెలుసుకున్నాను. నేను నవ్వుతున్నాను. ఇద్దరు అన్నదమ్ములు చచ్చిపోయారని తెలిసి నా మనసు తేలికపడింది.

ఆమె తిట్టలేదు. చెనక్కాయల చేట పక్కన పెట్టింది. "మరియమ్మ ముసిలిదయ్యేదాకా బతికింది. అన్నేండ్లూ ఆయమ్మ కొడుకులను తిట్టుకునింటాదా, ఏడ్సుకునింటాదా?"

"కబురే రాలేదా?"

"వచ్చింటాది. ఊర్లోకి వచ్చింటాది. పేటలోకి రాలేదు."

జేజికి కూడా చెప్పాను. "నోరుందని శానా మాటలన్యా వాళ్లను" అంది. ఆ తర్వాత బస్రా మాట ఆమె నోట మళ్లీ వినలేదు. ఆ ఏడాది పండగకు టీచర్ సున్నం బకెట్ తీసుకుని నేరుగా మరియమ్మ సమాధి దగ్గరికి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, అటూ ఇటూ నేల మీద సమాధంత కొలతకు సున్నపు గీతలు గీసింది. "ఇంగ దీన్ని ఖాళీ జాగా అనొద్దండి" అంది. పాస్టర్ గారు జాబితాలో ఏ పేర్లు రాసుకోవాలని అడిగితే, "రెండూ చదవండయ్యా. ఒగటి దేవునికి తెలుసు, ఇంగొగటి ఊరికి తెలుసు" అంది.

తోటలోంచి వెనక్కి వస్తుంటే నన్ను అడిగింది. "ఆడ నీ మొగున్ని ఏమని పిలుస్తారు?"

"పాస్‌పోర్టులో రాజశేఖర్. వాళ్లకు నోరు తిరగక రాజా అంటారంట."

"ఇస్సాకు అని ఎవురూ పిలవరా?"

"ఆడ ఆ పేరు ఎవరికి తెలుసు?"

"మరి నువ్వు పిలువు."

"మొగుని పేరు పెట్టి పిలిస్తే జేజి ఊరుకుంటాదా?"

"మీ జేజికి నేను చెప్పుకుంటాలే. ఆ పేరుతో పిలిచేటోళ్లు లేకపోతే మనిషికి ఇల్లు యాడుండాదో ఎట్ల గుర్తుంటాది?"

తర్వాత నేను కడపలో చిన్న ఉద్యోగం వెతుక్కుని బాబుతో ఈ అద్దె ఇంటికి వచ్చాను. పోయిన వానాకాలం టీచర్‌కు జబ్బు చేస్తే తమ్ముడి కూతురు కర్నూలుకు తీసుకుపోయింది. ఆమె అక్కడే పోయింది, అక్కడే పెట్టారు. రెండు రోజుల తర్వాత నాకు తెలిసింది. అప్పుడు బాబుకు జ్వరం. బస్సులో నాలుగైదు గంటలు వాణ్ణి తీసుకుపోవడానికి భయపడి వెళ్లలేదు. ఆ భయం నిజంగా జ్వరం గురించేనా అని ఇప్పటికీ అనుమానమే. తమ్ముడి కూతురు సమాధి ఫొటో పంపింది. రాతి మీద విజయలక్ష్మి, రిటైర్డ్ టీచర్ అని ఉంది. పెన్షన్ కాగితాల్లో ఆ పేరే ఉండేదట. రూతమ్మ అనే పేరు ఎక్కడా లేదు.

వచ్చే వారం సమాధుల పండగ. ఈసారి సున్నం గీతలు నేనే గీయాలి. పాస్టర్ గారికి ఇవ్వాల్సిన చీటీ ఇప్పుడే రాశాను. దానియేలు, ఓబన్న. సమూయేలు, పుల్లన్న. వాళ్ల కింద రూతమ్మ, విజయలక్ష్మి. ఆమె మట్టి కర్నూలులో ఉంది. పేరు మాత్రం మా తోటలో వినపడుతుంది.

కువైట్‌లో నా భర్త ఒప్పందం ఇంకో రెండేళ్లు పెరిగింది. వస్తాడని నాలో ఒకరు అంటారు, రాడని ఇంకొకరు అంటారు. బస్రా జాబితా నాకు ఆ జవాబు ఇవ్వలేదు. అది మరియమ్మకు రావాల్సిన జవాబు. కానీ శుక్రవారం ఫోన్ పెట్టేసే ముందు, ఎవరూ లేని ఈ గదిలో కూడా ఇంకా కాస్త సిగ్గుపడుతూనే, "ఇస్సాకూ" అని పిలుస్తాను. అటువైపు రోడ్డు మీద బండ్ల మోత వినపడుతుంది. ఒక్కోసారి చాలాసేపు అదే వినపడుతుంది. తర్వాత, "ఊఁ, ఈడే ఉండా" అంటాడు.