నాకు రాదు సామీ

హెలికాప్టర్ దిగగానే బూటు చీలమండ దాకా బురదలో కూరుకుపోయింది. వంగి కొంచెం చేతిలోకి తీసుకున్నాను. నల్లరేగడి. మా బోధన్ చెరుకు చేలల్లో వానాకాలం కాళ్లకు అంటుకునే మట్టే. ఆఫ్రికా దాకా వచ్చి అదే మట్టి తొక్కడం వింతగా అనిపించింది.

ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో మాది భారత సైన్యపు ఇంజనీర్ల కంపెనీ. ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల శిబిరం చుట్టూ మట్టికట్టను నిలబెట్టడం మా పని. కట్టకు ఒకవైపు వరద. మరోవైపు టార్పాలిన్ గుడిసెలు. నీరు గుడిసెల నేల కంటే ఎత్తులో ఉంది.

మట్టి తోసే డోజర్ నడిపేది ఒక హవల్దార్. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. నేను ఆయనకు సహాయకుణ్ణి. డీజిల్ పోయడం, గ్రీజు పెట్టడం, మధ్యాహ్నం చదునునేల మీద కాసేపు నడపడం నేర్చుకోవడం. కట్ట మీదికి మాత్రం నన్ను ఎక్కనిచ్చేవాడు కాదు.

ఆగస్టులో ఉస్తాద్‌కు మలేరియా ముదిరింది. పొద్దున్నే హెలికాప్టర్‌లో పంపించేశారు. మధ్యాహ్నం వాన వెలిసేసరికి తూర్పు మలుపులో కట్ట అడుగునుంచి నీళ్లు ఊరుతున్నాయి. ముందు తేటగా, తర్వాత మట్టిరంగులో. మట్టిరంగు వచ్చిందంటే లోపల కట్ట కోసుకుపోతోందని అర్థం.

రేడియోలో మా కంపెనీ అధికారి మేజర్ సాబ్ అడిగారు. "డోజర్ దగ్గర ఎవరున్నారు?"

"నేనొక్కణ్ణే సాబ్."

"కట్ట మీదికి తీసుకెళ్తావా?"

"నాకు రాదు సాబ్."

"ఇంకో ఆపరేటర్ రేపు గానీ రాడు. ఆ మలుపు అంతదాకా ఆగదు. ఎక్కు. నేనూ వస్తున్నా."

ఎక్కాను. కట్ట వెడల్పు డోజర్ ఇనుప చైన్లకు సరిగ్గా సరిపోతుంది, అంతే. చేతులకు లివర్ పట్టు చిక్కలేదు. మా ఇంటి దేవుడు లింబాద్రి గుట్ట నర్సింహస్వామి. ఒక్క శ్లోకమూ గుర్తుకు రాలేదు.

"నాకు రాదు సామీ. నువ్వొచ్చి కూసో," అన్నాను. నా ప్రార్థన అంతే.

కింద శిబిరానికి చెందిన ఒక ముసలామె వచ్చి, డోజర్ ఇనుపరేకుకు అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని ఏదో అంది. ఆమె పక్కనున్న మా దళం దుబాసీని అడిగాను. "వరద తగ్గాలని మొక్కుతోందా?"

"కాదు. ఈ పిల్లవాడు భయపడుతున్నాడు, వీడి చేతులు పట్టుకో అంటోంది."

నా చేతులు ఆమెకు కనబడే చోట లేవు. ఎలా తెలిసిందో ఇప్పటికీ ఆలోచిస్తాను.

మొదటి గేరు వేశాను. మట్టిని తోసుకుంటూ సగం దూరం పోయాక ఎడమ చైను కింద కట్ట జారింది. బండి నీళ్లవైపు ఒరిగింది. ఒరిగితే ముందున్న బ్లేడు దించమని ఉస్తాద్ చెప్పేవాడు. అప్పటికే నా చేయి దించేసింది. దించాలని నేను అనుకున్నట్టు గుర్తు లేదు. బ్లేడు నేలలో దిగబడి బండి ఆగింది.

మెల్లగా వెనక్కి తీసి, మళ్లీ ముందుకు పోయాను. నేను మట్టి తోస్తుంటే శిబిరం జనం ఇసుక సంచులు మోశారు. పొద్దుగూకే వేళకు ఊట ఆగలేదు గానీ తేటపడింది. మేజర్ సాబ్ వంగి దోసిలితో నీళ్లు తీసి చూసుకుని, నా వీపు తట్టారు.

శాంతిదళం టూర్ ముగిశాక నిజామాబాద్‌లో రైలు దిగి బోధన్ బస్సెక్కాను. ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "తుపాకి పేల్చినవా అన్నా?" లేదంటే వాళ్ల ముఖాలు చిన్నబోయేవి. మా అమ్మను మేం అవ్వ అంటాం. ఆమె మాత్రం అంతా విని ఇంకోటి అడిగింది.

"సామిని రమ్మన్నవ్ గదా. వచ్చి కూసున్నడా?"

"ఏమో అవ్వా. డోజర్ల ఒక్కటే సీటుంటది."

"మరి యాడ కూసున్నడ్రా?"

"గదే నాకు సుత సమజైతలేదు."

అవ్వ పడీపడీ నవ్వింది.

ఫౌజు వదిలాను. ఇప్పుడు చెరుకు వేస్తున్నాను. చాలా మరిచిపోయాను గానీ, ఊట తేటపడిన మర్నాటి ఉదయం తూర్పు మలుపులో చూసింది మరపు రాదు. ఇంకా ఆరని నా మట్టి మీద ఎవరో తల్లి చాప పరుచుకుంది. బిడ్డను పొదువుకుని, వరదకు వీపు పెట్టి, ఆదమరిచి నిద్రపోతోంది.