మేనత్తను తన్నిన గేదె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానానికి కొదవ ఉండేది కాదు. పాలు విరిగితే ఎవరి కళ్ళో పడ్డాయని, తాడు తెగితే ఎవరో కోశారని, ఇంటికొచ్చిన చుట్టం మారు వడ్డించుకోకపోతే మనసులో ఏదో పెట్టుకున్నాడని మా నాయనమ్మ తేల్చేసేది. ఆ గుణం నాకూ వచ్చింది. ఇప్పటికీ లిఫ్టులో ఎవరైనా అవసరానికి మించి నవ్వితే, ఎందుకబ్బా అనుకుంటూ నా గుమ్మం దాకా వస్తాను.

అప్పటికి బెజవాడ అంచున ఉన్న మా పటమట ఇంకా సగం పల్లెటూరే. ఇప్పుడు మా అపార్టుమెంటువాళ్ళు కార్లు పెట్టుకునే చోట మా గొడ్ల సావిడి ఉండేది. అందులో ఒక గేదె. దాన్ని చూసుకునేది మా మేనత్త. మావయ్య ఇల్లరికం రావడంతో అత్త పుట్టింట్లోనే ఉండిపోయింది. పిల్లలు లేరు. మా ఇంట్లో పొయ్యి మా అమ్మది, పెత్తనం నాయనమ్మది, గేదె అత్తది. అత్త పక్కన కూర్చుంటే చాలు, అది చేపేది. చేపడమంటే పొదుగులోకి పాలు వదలడం. గేదె తనంతట తాను చేపకపోతే ఎంత మొనగాడు పితికినా గిన్నె అడుగు తడవదు.

మావయ్య కామెర్లు వచ్చి పోయాడు. పదోరోజున అత్త గాజులు తీసేశారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆవిణ్ణి వెనకగదిలోనే కూర్చోబెట్టారు. ఆ నెలలన్నీ పాలు మా అమ్మ పితికింది. అమ్మకి ఆ పని సరిగ్గా రాదు, పైగా విసుగు. అయినా గేదె ఓర్చుకుంది.

అత్త గదిలోంచి బయటికొచ్చిన మొదటి ఉదయం తపేలా పట్టుకుని నేరుగా సావిట్లోకి వెళ్ళింది. పక్కన కూర్చుని పొదుగు మీద చెయ్యి వేసిందో లేదో, గేదె ఎగిరి తన్నింది. తపేలా వెళ్ళి గోడకి కొట్టుకుంది. మర్నాడూ అంతే. వెనక కాళ్ళకి తాడు కట్టి చూశారు. తన్నడం తగ్గింది గానీ చుక్క పాలు వదలలేదు. మళ్ళీ అమ్మ వెళితే మాత్రం బుద్ధిగా నిలబడేది.

నాయనమ్మ ముందు ఎదురింటావిణ్ణి అనుమానించింది. ఉప్పూ ఎండుమిరపకాయలతో గేదెకి దిష్టి తీసి, ఘాటు ఎదురింటిదాకా పోయేట్టు నిప్పుల్లో వేసింది. తర్వాత తవుడు అమ్మే కొట్టతన్ని అనుమానించింది. పశువుల డాక్టరుని పిలిస్తే, ఆయన పొదుగంతా చూసి రోగమేమీ లేదన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే. అమ్మ వెళితే చేపుతుంది, అత్త వెళితే తంతుంది. ఇద్దరికీ ఉన్న తేడా వీధిలో అందరికీ కనిపిస్తూనే ఉంది. సొంత కూతురి బోసి నుదుటిని చూసి నాయనమ్మ చూపు తిప్పుకునేది. "నోరులేని జీవాలకి తెలిసిపోతుందంటారే" అని ఒకరోజు గొంతు తగ్గించి అమ్మతో అంది. గుమ్మం అవతల అత్త వింది. అత్త వినడం నేను చూశాను.

ఆ తర్వాత ఇంట్లో ఏది చెడినా అందరి కళ్ళూ ఒకసారి వెనకగది వైపు పోయేవి. పెరుగు తోడుకోకపోయినా అంతే. అత్త నాకు జడ వేయడానికి కూడా పిలవడం మానేసింది. తన చెయ్యి తగిలితే నాకేమవుతుందోనని తనకే అనుమానం వచ్చిందేమో! కొన్నాళ్ళకి, బెజవాడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలట, వెళతానంది. వద్దని ఎవరూ గట్టిగా అనలేదు. అత్త వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాకంటూ ఎవరూ లేరనిపించింది.

మా తాతయ్యకి కళ్ళల్లో శుక్లాలు. పంచలో మంచం మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చప్పుణ్ణి బట్టే పోల్చుకునేవారు. అత్త ప్రయాణానికి బట్టలు సర్దుకున్న రోజు మధ్యాహ్నం ఆయనకి కాఫీ తెచ్చింది. గ్లాసు చేతికి తగిలించగానే తాతయ్య అదిరిపడి విదిలించారు. కాఫీ అంతా ఆయన పంచె మీద, అత్త పాదాల మీద పడింది. కన్నతండ్రి కూడా తన చేతిని విదిలించాడనుకుంది అత్త. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తాతయ్య తడిసిన పంచెతో అలాగే కూర్చున్నారు. చాలాసేపటికి నన్ను పిలిచి, "మీ అత్త ఎప్పుడొచ్చిందే? అదివరకు వంటింటి గుమ్మం దాటగానే నాకు తెలిసేదిగా" అన్నారు. నేను చెప్పేలోపే ఆయన మొహం మారిపోయింది.

సాయంత్రం పాల వేళకి అమ్మని పిలిచి, గాజులు మోచేతిదాకా తోసుకుని వాటి మీద తువ్వాలు గట్టిగా చుట్టుకోమన్నారు. నోరెత్తకుండా వెళ్ళి పాలు పితకమన్నారు. అమ్మ ఆయన్ని అనుమానంగా చూసింది. మామగారి మాట కాదనలేక వెళ్ళింది. తాతయ్య నా భుజం పట్టుకుని వచ్చారు. నాయనమ్మ, అత్త గుమ్మంలో నిలబడ్డారు.

గేదె తన్నింది. అమ్మ వెళ్ళి పేడలో కూర్చుంది.

నాయనమ్మ అమ్మ నుదుట రూపాయంత బొట్టు చూసింది. చేతికున్న తువ్వాలు చూసింది. మళ్ళీ బొట్టు చూసింది.

"అది తొట్టి వైపు తిరిగి మేస్తుంటుంది, మనం వెనకనించి వెళతాం" అన్నారు తాతయ్య. "గాజుల చప్పుడే దానికి కబురు. కబురు లేకుండా మీద చెయ్యిపడితే నేనే కాఫీ ఒలకబోశాను. పిచ్చితల్లీ, నిన్ను కాదే నేను విదిలించుకుంది."

అత్త అప్పుడు ఏడ్చింది. మావయ్య పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నాయనమ్మ మాత్రం, "జనం ఏమంటారండీ?" అని ఒకసారి అంది. "గేదె ఒప్పుకోవట్లేదని చెప్పు" అన్నారు తాతయ్య. నాయనమ్మ తన చేతుల్లోంచి రెండేసి గాజులు తీసి కూతురి చేతులు పట్టుకుంది. సబ్బు తెమ్మని నన్ను పంపింది. నేను తెచ్చేసరికే గాజులు ఎక్కేశాయి. అత్త అంత చిక్కిపోయింది.

అత్త తపేలా కడిగి సావిట్లోకి నడిచింది. గేదె మేత ఆపి, చెవులు వెనక్కి తిప్పింది. కాసేపటికి తపేలాలో పాలధార మోగింది. హాస్టలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ మాత్రం తనని తన్నించారన్న కోపంతో చాలాకాలం తాతయ్యకి మీగడ లేని పెరుగు వేసింది.

వీధిలో వాళ్ళు గాజుల సంగతి అడిగితే, గేదె ఒప్పుకోవట్లేదనే చెప్పేది నాయనమ్మ. కొన్నేళ్ళకి గేదె ముసలిదై పోయింది. అత్త గాజులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు గేదె లేదుగా అని ఎదురింటావిడ అంటే, "కొనబోతున్నాం" అంది నాయనమ్మ. మేం మళ్ళీ గేదెని కొన్నదీ లేదు, అత్త గాజులు తీసిందీ లేదు. నా పెళ్ళికి నాకు జడ వేసింది ఆ చేతులే.

అనుమానం నాలో అలాగే ఉంది, దాని దారి మాత్రం మారింది. మా అపార్టుమెంటులో ఎవరి కుక్కయినా మొరిగితే అందరూ కుక్కని తిడతారు, నేను అది చూస్తున్న వైపు చూస్తాను.

కిందటేడు మా ఆయన పోయారు. పదోరోజున పెద్దవాళ్ళు నా చేతులు పట్టుకోబోతే ఇవ్వలేదు. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర ఒకావిడ నా చేతుల వైపు అదేపనిగా చూసి, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"మా గేదె ఒప్పుకోదండీ" అన్నాను.

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. నేను గాజులు గలగలమనేలా చెయ్యి చాచి, ఇంకో బూరె వేయించుకున్నాను.