పాప కోసం తిన్న గుడ్లు

నేను పుట్టింది బాపట్ల, మెట్టింది రేపల్లె, మాత్రలు తెచ్చుకునేది తెనాలి. మా వైపు హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఎవరూ సొంత ఊళ్లో మందులు తీసుకోరు. అదొక మర్యాద. పక్క ఊరికి వెళ్లాలి, మొహానికి చున్నీ చుట్టుకోవాలి, పనేమిటని ఎవరైనా అడిగితే నోటికొచ్చిన అబద్ధం చెప్పాలి.

మొదటిసారి తెనాలి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు నా పక్కన ఇంకో చున్నీ కూర్చుని ఉంది. గాలికి కాస్త జారితే చూశాను. రేపల్లెలో మా వీధి చివర జాకెట్లు కుట్టే అక్క.

"ఏంటమ్మా, ఇటొచ్చావ్?" అంది.

"పన్ను నొప్పక్కా."

"నాకూ పన్నేనమ్మా."

అది పళ్ల డాక్టరు గది కాదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత నెలనెలా కలిసి ఒకే రైల్లో వెళ్లాం, ఒకళ్ల పన్ను గురించి ఒకళ్లం ఎంతో శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాం.

నా సంగతి కడుపుతో ఉన్నప్పుడు మూడో నెల పరీక్షల్లో బయటపడింది. అదే వారంలో నా భర్తకు కూడా ఉందని తేలింది. ఎవరి వల్ల ఎవరికి వచ్చిందనే చర్చ ఒక ఆదివారమంతా చేసుకుని, ఏమీ తేలక, అన్నం తిని పడుకున్నాం. అత్తగారింట్లో ఎవరికీ చెప్పలేదు.

తెనాలిలో కౌన్సెలర్ మేడమ్ మంచిది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "మాత్ర ఒక్కటే చాలదమ్మా, తిండి కూడా తినాలి. మామూలుగా తినేదానికన్నా ఇంకో పూట ఎక్కువ తిను. గుడ్డు, పప్పు, ఆకుకూర, పాలు. నీళ్లు కాచుకుని తాగు. బిడ్డ పుట్టాక ఆరు నెలలు నీ పాలే ఇవ్వు. మాత్ర మానొద్దు. వేరే పాలు కాదు కదా, చుక్క నీళ్లు కూడా పట్టొద్దు." నేను అన్నిటికీ తలూపాను. తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

పురిటికి పుట్టింటికి వెళ్లక తప్పదు. మా అమ్మ బాపట్లలో అంగన్‌వాడీ ఆయా. నాన్న పోయినప్పటి నుంచి ఆమె పని వీధిలో ఉన్న గర్భిణులందరికీ గుడ్లు ఉడకబెట్టడం. ఇచ్చి ఊరుకోదు, ఎదురుగా నిలబడి తినిపిస్తుంది. "ఇంటికి పట్టుకెళ్తే మీ అత్త తింటది, మీ ఆడబిడ్డ తింటది. ఇక్కడే తిను" అని గద్దిస్తుంది. సెంటర్లో ఆమె వెనక గోడ మీద గుడ్లు, ఆకుకూరలు, పాలగ్లాసు బొమ్మలున్న పెద్ద పటం ఉంటుంది. అలాంటి మనిషి కడుపున పుట్టినందుకు తిండికి లోటుండదని నేను ధైర్యంగా వెళ్లాను.

రోజూ మాత్ర మింగాలి కాబట్టి అమ్మకు చెప్పేశాను. రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు కళ్లు తుడుచుకుని వైద్యం మొదలుపెట్టింది.

"నువ్వు తింటే నువ్వొక్కదానివే తింటావా? లోపలున్న పురుగు కూడా తింటది. దానికి బలం ఇవ్వకూడదు. మాడ్చాలి."

ఇంత శాస్త్రం తెనాలిలో ఎవరికీ తెలియకపోవడం విచారకరం. పురుగును మాడ్చడానికి నన్ను మాడ్చారు. పొద్దున టీ, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం ప్రార్థన. దానికి తోడు శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. ఏడో నెల కడుపేసుకుని వెనక వరసలో కూర్చుని, పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని వేరుశెనగ చిక్కీ తిన్నాను. దేవుడు చూసే ఉంటాడు, ఏమీ అనలేదు. తెనాలిలో బరువు చూసిన నర్సమ్మ మాత్రం చాలా అంది. పురుగు సంగతేమో గానీ నేను రెండు కిలోలు తగ్గాను.

పాప చిన్నగా పుట్టింది. పుట్టగానే దానికీ మందు చుక్కలు మొదలుపెట్టారు. ఇంటికి రాగానే నాకు బాలింత పథ్యం మొదలైంది. నెత్తికి గుడ్డ, చెవుల్లో దూది, పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. పెరుగు తింటే పాపకు జలుబు, ఆకుకూర తింటే పాపకు విరేచనాలు, నీళ్లు తాగితే నాకు పొట్ట. నేను ఏం తిన్నా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతుంది కాబట్టి ఏమీ తినకపోవడమే క్షేమం.

పాలు ఎక్కడి నుంచి వస్తాయి? తొమ్మిదో రోజుకు తగ్గిపోయాయి. పాప పట్టుకుని లాగడం, వదిలేసి ఏడవడం. అమ్మ అంతకు ముందు నుంచే మనసులో ఒక లెక్క వేసుకుని ఉంది. ఆ రోజు బయటపెట్టింది.

"నీ పాలల్లో జబ్బుంటదిగా. మొత్తం మాన్పిస్తే పిల్ల బక్కపడిపోద్ది. ఒక పూట నీ పాలు, ఒక పూట ప్యాకెట్ పాలు. సగానికి సగం ప్రమాదం తగ్గిపోద్ది."

ఏ లెక్కల మాస్టారైనా మెచ్చుకునే లెక్క. కానీ కౌన్సెలర్ మేడమ్ వేలు చూపించి మరీ వద్దన్నది ఇదే. నా పాలూ పైపాలూ కలిపి పడితే పసిపేగు ఒరుసుకుపోయి, లోపలికి వెళ్లకూడనిది వెళ్లడానికి దారి దొరుకుతుందని చెప్పింది. సగానికి సగం తగ్గడం కాదు, ఉన్న ప్రమాదం పెరుగుతుంది. ఆ మాటే అమ్మతో చెప్పాను. "ఆవిడ కన్నదా, పెంచిందా?" అని అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి చేతిలో ఉగ్గుగిన్నె. కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నోటి దగ్గర పెట్టబోయింది. పాప ఆకలి మీద నోరు తెరిచేసింది. అంత భయం నాకు నా రిపోర్టు చూసినప్పుడు కూడా వేయలేదు. లేచి వెళ్లి ఉగ్గుగిన్నె లాక్కుని, ఆ పాలు నేను తాగేశాను. అంతటితో ఆగలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలో మిగిలిన పాలు తాగాను. కాచిన నీళ్లు చెంబెడు తాగాను.

"పిచ్చి పట్టిందా ఏంటే?" అంది అమ్మ.

"పాపకే పట్టానమ్మా. ఇలా పడితేనే దానికి వెళతాయి. నువ్వు సెంటర్లో అందరికీ చెప్పేది ఇదేగా? తిను, తాగు, పాలు పడతాయని? మరి నాకెందుకు చెప్పవు?"

"వాళ్లు బాగున్నోళ్లే!" అంది.

అని తానే నాలిక కరుచుకుంది.  పటంలో ఉన్న గుడ్డు బాగున్నవాళ్లది. నాలాంటిదానికి పెట్టడం దండగ. 

సాయంత్రం అమ్మే ఫోను తెచ్చిచ్చి, కౌన్సెలర్ మేడమ్‌కు చేయమంది. స్పీకర్ పెట్టించి అరగంట మాట్లాడింది. "అవునండి", "లేదండి", "అయ్యో తెలవదండి" తప్ప ఇంకో మాట లేదు. కూతురు చెబితే వినని మనిషి, మేడమ్ అన్నాక వింటుంది. ఆయా ఉద్యోగం అలాంటిది.

మర్నాటి నుంచి ఇంకో రకం శిక్ష. పొద్దున రెండు గుడ్లు, బాగా ఉడకబెట్టినవి. మధ్యాహ్నం మునగాకు పప్పు. ఆకుకూర మూడుసార్లు కడిగేది. సూర్యలంక నుంచి వచ్చే చేపలామెను ఆపి సొరచేప తీసుకుని, పాలు పడతాయని పుట్టు కూర చేసేది. ఎదురుగా నిలబడి, "మింగు, పాప కోసం మింగు" అనేది. పాలు పొంగుకొచ్చాయి. ఆరు నెలలు పాప నోట్లో నా పాలూ, మందూ తప్ప ఏమీ పడలేదు. తేనె నాకించడానికి వచ్చిన చర్చి ఆంటీలను అమ్మ గుమ్మంలోనే కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి పంపేసింది. పాపకు మూడో నెలలో అత్తగారింటికి వెళ్లాల్సినదాన్ని ఏడాదిన్నర పుట్టింట్లోనే ఉండిపోయాను. ఎందుకని అడిగినవాళ్లకు నా భర్త రేపల్లెలో ఎన్ని కథలు చెప్పాడో నాకు తెలియదు.

పాపకు ఏడాది దాటాక పాలు మాన్పించాం, చివరి పరీక్ష తేలేదాకా ఉండనీ అని అమ్మ నాకు గుడ్లు మాత్రం ఆపలేదు. పద్దెనిమిదో నెలలో చివరి పరీక్షకు అమ్మ కూడా తెనాలి వచ్చింది. "పాపకు లేదమ్మా" అని మేడమ్ చెప్పగానే అమ్మ వరండాలో నేల మీదే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా బతుకులో అంత మంచి మాట ఇంకోటి వినలేదు. రైల్లో పాపను ఒక్క నిమిషం నాకివ్వలేదు, బాపట్ల దాకా ఒళ్లోనే పెట్టుకుంది.

మర్నాడు పొద్దున నా కంచంలో అన్నం, ఆవకాయ ఉన్నాయి.

"గుడ్డేదమ్మా?" అన్నాను.

"పాపకేం లేదని తేలిపోయిందిగా. ఇంకెందుకే?" అంది అమ్మ. అందులో కోపం లేదు, వెటకారం లేదు. గండం గడిచిన మనిషి హాయిగా అన్న మాట.

ఏడాదిన్నరగా నాకు తిండి పెడుతున్నారని అనుకున్నాను. ఆ గుడ్ల మీదున్న అడ్రసు పాపది, నేను మధ్యలో పోస్టుమాన్‌ని. ఏడుపు రాలేదు. కంచం పక్కకు జరిపాను.

"నీ మనవరాలికి లేదమ్మా. నీ కూతురికి ఉంది."

అమ్మ గరిటె కింద పెట్టింది. పాప వచ్చి ఆమె చీర పట్టుకుని లాగినా చూడలేదు. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. నా వైపు తిరగకుండానే, ఎన్ని వెయ్యమంటావని అడిగింది.

రెండు వెయ్యమన్నాను.