యాడికి దారిలో పదునుండీ విత్తని చేలు

అనంతపురం జిల్లాలోని యాడికి ఊరి కొండల్లో గుహలున్నాయని విన్నప్పటి నుంచి మనసు లాగుతూనే ఉంది. తొలివాన పడిందనగానే ఇక ఆగలేక బయలుదేరాను. తాడిపత్రిలో ఉదయం ఏడింటి బస్సెక్కితే ఎనిమిదికల్లా యాడికి చేరొచ్చు. వేడి వేడి ఉగ్గాని, బజ్జీ లాగించి, గుహల దాకా రానూపోనూ ఆరు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు బాబయ్య నా భుజాన తువ్వాలు చూసి, "అన్నా, దాన్ని సంచిలో పెట్టు. ఎలక్షన్లయినకాడ్నించి పార్టీ రంగు చూసి కొట్టుకుంటాండారు" అన్నాడు. తమాషాకంటున్నాడనుకున్నాను.

దారి పొడవునా వేరుశనగ విత్తుతున్నారు. పక్కపక్కనున్న రెండు చేలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకదాని గట్టున యాభై దాటిన రైతు ఒంటెద్దును పట్టుకుని కూర్చున్నాడు. పేరు నారాయణప్ప. ఆటో ఆపించి, "ఏమన్నా, విత్తలేదే?" అని అడిగాను.

"విత్తే గొర్రుకు రెండెద్దులు కావల్ల కదప్పా. నాదొకటి, పక్క చేని రంగప్పదొకటి. ఏటా కాడి కలిపి రెండు చేన్లూ విత్తుకుంటాంటిమి. ఈసారి ఓట్లల్లో నేనొక పార్టీ, వాడొక పార్టీ. ఎద్దునియ్యనన్నాడు. ట్రాక్టరుకు దుడ్లు యాడివి? రేపటికి నేలలో తేమ పోయి పదునారిపోతాది" అన్నాడు.

నన్నెవరడిగారు? అయినా నోరూరుకోదు కదా! అవతలి గట్టునున్న రంగప్ప దగ్గరికి వెళ్లి, ఎద్దునిస్తే ఇద్దరికీ మంచిదే కదా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ముందు నువ్వు ఏ పార్టీనో చెప్పప్పా. గెలిచినామని నా వాకిట్లో టపాసులు కాల్చినారు. అప్పుడు లోపల మాయమ్మ మంచాన పడుండె. ఒక్కో సప్పుడుకూ అదిరిపడింది. ఆ గుంపులో నారాయణప్ప నిలబడుకోనుండాడు. నా ఎద్దు వాని ఎద్దు పక్కన నిలబడల్లా?"

తిరిగొచ్చి ఆ మాటే నారాయణప్పతో అన్నాను. తల దించుకున్నాడు.

"నేను కాల్చలేదప్పా. వద్దని కూడా అన్లేదు."

"అదే ఆయనతో చెప్పొచ్చు కదన్నా?"

"తర్వాత వాళ్లమ్మ చచ్చిపోయిన పొద్దు చెప్పేదానికే పోయినా. పాడె పట్టనీలేదు. చిన్నప్పుడు నాకు సంగటి పెట్టిన చెయ్యప్పా అది" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

గుహలు చూశాను. బాగున్నాయి. మనసు మాత్రం అక్కడ లేదు. సాయంత్రం తిరిగొస్తుంటే నారాయణప్ప, ఆయన భార్య వంగి, పారతో గుంతలు తీస్తూ గింజ గింజా వేస్తున్నారు. అవతలి చేలో రంగప్ప దంపతులదీ అదే పని. రెండెద్దులూ చెరో గట్టున మేస్తున్నాయి. బాబయ్య ఆటో నెమ్మది చేసి, "వారమైనా అయిపోదన్నా" అన్నాడు.

గెలుపోటములు ఐదేళ్లకోసారి తిరగబడతాయి. ఈ నేలకు మాత్రం మళ్లీ వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అది తెలిసిన మనుషులే ఇలా అయిపోయారు. వెళ్లేవారికి ఒక్క మాట: గుహల్లోకి టార్చిలైటు, మంచినీళ్లు తీసుకెళ్లండి. దారిలో రైతులను పలకరిస్తే పంట గురించి అడగండి. పక్క చేను ఎవరిదని మాత్రం అడగకండి.