పాప కోసం ఎర్రచీర

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగింది. అంతే. ఎవరితోనూ చాకిరీ చేయించుకోనని అనేది, మాట నిలబెట్టుకుంది. దుఃఖం ఉంది. కానీ ఆమెను తలచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది.

చిన్నప్పటి నుంచి నన్ను పెంచింది ఆమే. సూరత్‌లో మాతోనే ఉండేది. ఖటోదరా మిల్లుల నుంచి వచ్చే చీరలకు ఇంట్లో కూర్చుని లేసు కుట్టేది. ఒడి నిండా రంగులే, ఒంటి మీద మాత్రం వెలిసిన బూడిదరంగు. మామయ్య పోయినప్పటి నుంచి బొట్టు కూడా లేదు. ఎందుకత్తా అంటే "నలుగురు ఏమంటరు" అనేది.

నాకు పాప పుట్టాక ఆమెకు బెంగ పట్టుకుంది. రెండు నెలలు నిండినా పాప ఆమె వంక చూసేది కాదు. ఎత్తుకుంటే చాలు, భుజం మీదుగా లేసు కుట్టాల్సిన చీరల కుప్పలోని ఎర్రచీరకు కళ్లప్పగించేది. అత్త చిన్నబోయింది.

"నీ బిడ్డ కండ్లకు నేను ఆనుతలేనా ఏంది?"

పిల్లల డాక్టరమ్మను అడిగాను. ఈ వయసులో అంతా మసకగా ఉంటుందట, ముదురు రంగులే తొందరగా కంట్లో పడతాయట, ఎరుపైతే మరీనట. "పాప కళ్లు బాగున్నాయి, మీ అత్త చీరదే తప్పు" అని నవ్వింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్త నవ్వలేదు. రెండు రోజులు మూతి ముడుచుకుని, ఆ తర్వాత ఎండుమిరపకాయ రంగు చీర కట్టుకుని వచ్చింది. పక్కింటి వదిన నోరు తెరిచేలోగానే "నాకు కాదు, పోరికి" అంది. బూడిదరంగు చీరలు ఇల్లు తుడిచే గుడ్డలయ్యాయి. పాప ఎరుపును వదలకుండా చూస్తుంటే "మనింటి పిల్లనే, కారం మంచిగ తింటది" అని మురిసిపోయేది.

అయినా పాప చూపు చీర దాకే. "చీరను చూస్తుంది గని నన్ను చూస్తలేదు బిడ్డా. నీ మొఖమైతే చూస్తుంది" అంది ఒకరోజు, నా నుదుటి మీది బొట్టు కేసి చూస్తూ. తర్వాత లేచి, నేను అద్దానికి అతికించిన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి తీసి పెట్టుకుని, పాపను ఒళ్లో వేసుకుంది.

పాప చూపు అంచు మీద తిరిగింది. మెల్లగా కొంగు మీదికి, అక్కడి నుంచి నుదుటి మీదికి ఎక్కింది. ఆగింది. బోసినోరంతా తెరిచి నవ్వింది. అత్త ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను లేవబోతే నా చెయ్యి పట్టుకుంది.

"పొంగనియ్యి బిడ్డా. జర గిట్లనే ఉండనియ్యి."