ఇంగ్లీషు రాని గొరిల్లా

మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో ఏముందని ఎవరైనా అడిగితే మా ఆవిడ తల కూడా ఎత్తకుండా "ఆయన చుట్టాలు" అంటుంది. చుట్టాలంటే గొరిల్లాలు. పాత కామిక్ పుస్తకాల అట్టల మీద కోరలు చూపిస్తూ, స్పృహ తప్పిన అమ్మాయిని భుజాన వేసుకుని మేడలెక్కే గొరిల్లాలు. నేను ఇరవై ఏళ్లు హనుమకొండలో అద్దె పుస్తకాల దుకాణం నడిపాను. జనం చదవడం మానేశాక దాన్నే జిరాక్సు సెంటరుగా మార్చాను. నవలలన్నీ పాత పేపర్ల వాడికి వెళ్లిపోయాయి. ఈ పెట్టె మాత్రం మంచం కింద క్షేమంగా ఉంది.

ఆ ఇరవై ఏళ్లలో నేను నేర్చుకున్న వ్యాపార రహస్యం ఒక్కటే. అట్ట మీద గొరిల్లా ఉంటే ఆ పుస్తకం అరలో నిలవదు. లోపల గొరిల్లా ఉండాల్సిన పని కూడా లేదు. ఒకసారి అట్ట చిరిగిపోయిన ఒక కుటుంబ నవలకు, వేరే పుస్తకానిది గొరిల్లా అట్ట మిగిలి ఉంటే అతికించాను. ఒక పంతులమ్మ తీసుకుపోయి నాలుగు రోజులకు తిరిగి తెచ్చింది. "అత్త అచ్చింది, ఆడిబిడ్డ అచ్చింది, ఆఖరు పేజీ దాక జూసిన. గొరిల్లా ఎప్పుడొస్తదయ్యా?" అని అడిగింది. రెండో భాగంలో వస్తుందని చెప్పాను. అయితే రెండో భాగం ఇవ్వమంది. నవల బాగుందట.

పాత భయం సినిమాలూ అంతే. ఒక పిచ్చి డాక్టరు, ఒక ప్రయోగశాల, కిటికీలో మెరుపులు. మూలన ఒక బోను, అందులో గొరిల్లా. డాక్టరు చేసే ప్రయోగానికీ ఆ జంతువుకూ సంబంధమేమిటో ఎవరూ అడగరు. దానికి తిండి ఎవరు పెడతారో, బోను ఎవరు కడుగుతారో అసలే తెలియదు. అది నడిస్తే మోకాళ్ల దగ్గర తోలు ముడతలు పడుతుంది. వెనక్కి తిరిగితే వీపున జిప్పు కనబడుతుంది. జిప్పు కనబడ్డా మేం భయపడేవాళ్లం. లోపల ఎవరో పాపం చెమటలు కక్కుతున్నాడని తెలిసీ భయపడటంలో ఉన్న మజా నాకు ఇంకెందులోనూ దొరకలేదు.

ఈ పిచ్చి అంటించింది మా నాయన. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఏటా పత్తి బండి కట్టుకుని వరంగల్ మార్కెట్‌కు వచ్చేటప్పుడు అక్కనూ నన్నూ బండెక్కించుకునేవాడు. నాకు ఏడేళ్లు, అక్కకు పదమూడు. పత్తి కాంటా అయ్యేసరికి పొద్దు గూకేది. అంతసేపు పిల్లలు మార్కెట్లో ఉంటే తప్పిపోతారని, దగ్గర్లోని టాకీసులో మమ్మల్ని మ్యాట్నీకి కూర్చోబెట్టి, గేటు దగ్గరి మనిషితో "జర పోరగాండ్లను జూస్తుండు" అని చెప్పి పోయేవాడు. ఏ సినిమా అని మాత్రం అడిగేవాడు కాదు. మా ఊరి రైతులందరూ చేసే పనే అది. నేల తరగతిలో సగం మంది మాలాంటి పత్తి పిల్లలే. ఆ టాకీసులో మ్యాట్నీకి ఊళ్లన్నీ తిరిగి అరిగిపోయిన ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్లు.

అలా చూసిన నలుపు తెలుపు సినిమా ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అందులో గొరిల్లా బోను విరగ్గొట్టుకుని బయటపడుతుంది. నేను అక్క ఓణీ కొంగు ముఖానికి కప్పుకుని, దాని సందులోంచి చూస్తున్నాను. తెర మీద అందరూ గడగడా మాట్లాడుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. "అక్కా, ఏమంటాండ్రే?" అని అడిగాను. "నాకేం ఎరుక? అందరు ఇంగ్లీషుల మాట్లాడుతాండ్రు. మనకు రాదు, ఆనికి రాదు" అంది అక్క, గొరిల్లాను చూపించి. నిజమే. ఆ సినిమా మొత్తంలో ఇంగ్లీషు రాని వాడు వాడొక్కడే.

చివర్లో తుపాకులు పట్టుకుని మనుషులు వాడి చుట్టూ చేరారు. అప్పుడు అక్క లేచి నిలబడింది. "కొట్టకుండ్రి! ఆనికేం తెల్వది!" అని తెర వైపు చెయ్యి చాపి అరిచింది. నేల తరగతంతా గొల్లున నవ్వింది. గేటు మనిషి టార్చి పట్టుకుని వచ్చాడు. తెర మీది వాళ్లు మాత్రం వినలేదు, కాల్చేశారు. తిరుగు ప్రయాణంలో అక్క బండి మీద వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉంది. నేనే గిచ్చానని నాయన నా వీపు మీద ఒకటి వేశాడు. నాది భయం, ఆమెది జాలి. ఆ సినిమాను ఆమెకంటే నేనే బాగా చూశానని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇక మొన్నటి వానాకాలం సంగతి. అక్క పాలకుర్తి దగ్గరి ఒక పల్లెలో ఎకరన్నరలో మక్క, అంటే మొక్కజొన్న, వేస్తుంది. పోయినేడు కంకి పాలు పట్టే వేళకు గుట్ట మీది కోతులు దిగి మూడొంతులు తినిపోయాయి. ఈసారి బావకు మోకాలి ఆపరేషన్ అయింది, మంచె ఎక్కలేడు. ఈ మధ్య మా వైపు రైతులు కోతులను బెదిరించడానికి ఎలుగుబంటి వేషం వేసుకుని చేలల్లో తిరుగుతున్నారు. గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి కనుక కోతులు ఆ నల్ల బొచ్చు కనబడితే చాలు, వెనక్కి చూడకుండా పోతాయి. మా వాళ్లు ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటారు.

అక్క ఫోన్ చేసింది. "తమ్ముడా, నీకు ఆడ హనుమకొండల వేషాల దుకాండ్లు ఎరుకే గద. ఓ గుడ్డెలుగు డ్రెస్సు తీస్కరా. పదిహేను దినాలు చేన్ల తిరుగు. కంకి ఎండితె ఇగ ఫికర్ లేదు."

"నేనా అక్కా?"

"మరి మీ బావ కుంటుకుంట తిరుగుతడా? ఈసారి గూడ కోతులే తింటె ఇగ నేను మక్క వెయ్య. చేను కౌలుకిచ్చి ఇంట్ల గూసుంట."

ఇంట్లో కూర్చున్న అక్కను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ మాట నాకు గుచ్చుకుంది. జిరాక్సు మిషను మా ఆవిడకు అప్పగించి వేషాల దుకాణానికి పోయాను.

అది బడిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్సు పోటీలకు బట్టలు ఇచ్చే దుకాణం. పోలీసు, రాజు, వంకాయ వరుసగా వేలాడుతున్నాయి. చివర ఎలుగుబంటి ఉంది. దాన్ని తీసుకుని అక్కడితో వచ్చేయాల్సింది. కానీ దాని వెనక కొక్కేనికి ఇంకొకటి వేలాడుతోంది. పొడవాటి చేతులు, రబ్బరు ముఖం, పైకి లేచిన పెదవి, వీపున జిప్పు. యాభై ఏళ్ల తర్వాత చిన్నప్పటి దోస్తు ఎదురైనట్టు నా కాళ్లు ఆగిపోయాయి.

"అది గొరిల్లా సార్. ఎవ్వలు తీస్కపోరు. పిల్లలు జడుసుకుంటాండ్రని బళ్లె రానిస్తలేరు" అన్నాడు దుకాణం ఆయన.

ఆ మాటతో నా తెలివి మూటగట్టి పక్కన పెట్టేశాను. పిల్లలే జడుసుకుంటే కోతులెంత? ఎలుగుబంటిదేముంది, సీతాఫలాలు ఏరుకు తినే జంతువు. దానికి పారిపోయే కోతులు గొరిల్లాను చూస్తే గుట్టే ఖాళీ చేస్తాయి. ఎలుగుబంటిని అక్కడే వదిలేసి, గొరిల్లాను సంచిలో కుక్కుకుని బస్సెక్కాను.

అక్క సంచి విప్పి ముఖం బయటికి లాగింది. "నేనేం దెమ్మన్న, నువ్వేం దెచ్చినవ్రా?"

"అక్కా, గుడ్డెలుగు దీని ముందెంత? ఇది దానికి తాత."

బావ వసారాలో కుర్చీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ముఖాన్ని కిందా మీదా చూసి, "బామ్మర్దీ, కోతులు సినిమాలు చూస్తయా?" అన్నాడు. అప్పుడైనా నేను ఆ మాట చెవిన పెట్టుకోవాల్సింది.

మర్నాడు తెల్లవారగానే అక్క నా వీపున జిప్పు లాగింది. లోపల నాఫ్తలీన్ గోళీల కంపు, ఉక్క. కళ్ల చోట రెండు రూపాయి బిళ్లలంత కంతలు. నేను చేలోకి దిగి, ఇన్నేళ్లు పుస్తకాల్లో చదివిన విద్యంతా చూపించాను. రొమ్ము బాదుకున్నాను. లోపల స్పాంజి కనుక శబ్దం దుప్పటి దులిపినట్టు వచ్చింది. గర్జించాను. గుట్ట దిగి వస్తున్న కోతులు ఆగాయి. మందకు పెద్దగా ఉన్నది ఒకటి గట్టు మీద కూర్చుని నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. తర్వాత పక్కనున్న కంకి విరిచి, పొట్టు వలిచి, నన్ను చూస్తూనే తినసాగింది. నేనేదో దాని కోసమే ఆట వేసినట్టు.

బావ చెప్పిందే నిజం. ఎలుగుబంటి వాటికి తెలుసు, కొండముచ్చు తెలుసు. గొరిల్లా ఎక్కడి వాడు, ఎవరి మనిషి? వాటిని మ్యాట్నీలో వదిలి పోయే నాయన వాటికి లేడాయె. మూడో నాటికి ఒక ముసలి కోతి నా పక్కన చేరి నా భుజం బొచ్చులో పేలు చూడటం మొదలుపెట్టింది. నేను కదల్లేదు. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగానే ఉంది. మంచె మీది నుంచి అక్క గొంతు చించుకుని అరుస్తూ, వడిసెలతో రాళ్లు విసురుతూ ఉంది. పదహారు సాళ్లు పోయాయి. సాయంత్రం ఆమె విరిగిన కంకులు ఒక్కొక్కటే గంపలో ఏరుకుంది. తిట్టినా బాగుండేది. నా ముచ్చట కోసం ఆమె పంటను పణంగా పెట్టానని ఆ సాయంత్రం నాకు సిగ్గేసింది.

నాలుగో రోజు పక్క చేలోకి కలుపు తీయడానికి తొర్రూరు వైపు నుంచి కూలీలు వచ్చారు. వాళ్లకు నా సంగతి తెలియదు. మక్క కర్రల మధ్య నల్లటి వీపు కదలడం ఒకామె చూసింది. "వామ్మో, గుడ్డెలుగు!" అని కేక పెట్టింది. మరు నిమిషంలో నలుగురు మగవాళ్లు కర్రలు పట్టుకుని గట్టు దాటారు. వెనక ఆడవాళ్లు కొడవళ్లతో. నేను ముఖం తీసేద్దామని చూశాను. జిప్పు బొచ్చులో ఇరుక్కుంది. "నేను, నేను!" అని అరిచాను. ఆ స్పాంజి ముఖంలోంచి అది ఎలా బయటపడిందో గానీ, వాళ్లు ఇంకో రెండడుగులు గట్టిగా వేశారు. నేను మాట్లాడేది తెలుగే. వాళ్లలో ఒక్కరికీ అర్థం కాలేదు.

పరుగెత్తాను, సాలులో కాలు మెలిపడి బోర్లా పడ్డాను. కర్రల చప్పుడు దగ్గరికొచ్చింది. ఇంతలో ఎవరో నా మీదుగా దూకి అడ్డం నిలబడ్డారు. కంతల్లోంచి నాకు కనబడింది మట్టి కొట్టుకుపోయిన రెండు పాదాలు, ఎగ్గట్టిన చీర కుచ్చిళ్లు.

"కొట్టకుండ్రి! ఆనికేం తెల్వది!"

అరవై దాటిన మా అక్క రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. అదే మాట, అదే గొంతు. ఆ మట్టిలో ముఖం పెట్టుకుని నేను ఏడ్చాను. ముఖం మీద ముఖం ఉంది కనుక పరువు దక్కింది.

తర్వాత కూలీలు పట్టుకుంటే అక్క కొడవలితో జిప్పు కోసి నన్ను బయటికి తీసింది. నన్ను చూసి వాళ్లు నవ్విన నవ్వుకు ఇంకో సాలు కంకులు రాలి ఉంటాయి. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పోయి, కోసిన గొరిల్లాకు ఖరీదు కట్టి, ఎలుగుబంటిని తెచ్చాను. మర్నాడు దాన్ని వేసుకుని చేలో నాలుగడుగులు వేశానో లేదో, నా బొచ్చులో పేలు చూసిన ముసలిదానితో సహా మంద మొత్తం గుట్టెక్కేసింది. వేషం కింద ఉన్నది నేనే. జర బాధేసింది.

పదకొండు రోజులు అలాగే తిరిగాను. మూడొంతుల పంట చేతికొచ్చింది. కల్లంలో కంకులు ఆరబోస్తూ అక్క, "వచ్చే యేడు గూడ మక్కనే ఏస్త" అంది, నా వైపు చూడకుండా. ఆ గొరిల్లాను చేను గట్టున కర్రకు తగిలించి నేను హనుమకొండ వచ్చేశాను. వాడి ఒళ్లో కోతిపిల్లలు ఆడుకుంటున్నాయని బావ ఫోన్లో చెప్పి నవ్వేవాడు.

పోయిన వారం ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. ఎలా ఉన్నారో అని అక్కకు ఫోన్ చేశాను.

"మంచిగనే ఉన్నం. ఆన్ని చేన్ల నుంచి తెచ్చి వసారల గూసోబెట్టిన. మీద యూరియా బస్తా గప్పిన" అంది.

"ఎవన్నే?"

"నీ గొరిల్లాను. మూడొద్దుల సంది తడుస్తాండు."

"అక్కా, అది ఉత్త బొమ్మనే."

"నాకు ఎరుక లేదా? జిప్పు కోసింది నేనే గద" అంది అక్క. "ఆనికి మన మాట గూడ రాదాయె తమ్ముడా. తడుస్తాన అని ఎవ్వలకు జెప్పుకుంటడు?"