గాలి పీల్చే కుళాయి

ఆ రోజు నేను కుళాయి కట్టకుండా బడికి వెళ్ళిపోయాను. మా విజయనగరంలో వేసవిలో ఎవరైనా చేసే పనే. నీళ్ళు రాని కుళాయి తిప్పి ఉంచి, కింద బకెట్ పెట్టి, అవి ఎప్పుడు వస్తే అప్పుడు పట్టుకుంటాం. ఆ అలవాటును కొండమీదికి తెచ్చుకున్నాను.

అనంతగిరి దాటాక ఉన్న ఆ గూడేనికి టీచరుగా వచ్చి అప్పటికి ఏడు నెలలు. అన్ని ఇళ్ళకంటే దిగువన ఒక గదిలో ఉండేవాణ్ణి. బోరు ఉంది గానీ మూడు రోజులుగా కరెంటు లేదు. ఇక ఆధారం కొండమీది ఊట నుంచి దిగే గొట్టమే. అది మధ్యలో ఒక రాతిగుట్ట ఎక్కి దిగుతుంది. ఎండల్లో ఊట సన్నబడుతుంది కనుక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కుళాయిలు కట్టేసి గొట్టం నిండనివ్వాలి. దిగువన ఒక్కటి తెరిచి ఉన్నా నీరంతా జారిపోయి గుట్ట దగ్గర గాలి పట్టేస్తుంది. పక్కింటామె నాకీ సంగతి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తల ఊపాను.

ఒంటిపూట బడి ముగించుకుని వచ్చేసరికి గూడెం నిశ్శబ్దంగా ఉంది. పోడు కాల్చిన పొగలో సూర్యుడు పాలిపోయి ఉన్నాడు. ఎగువ ఇంటి నుంచి మూలుగు వినబడింది. ఎవరో ఊపిరిని లోపలికి పీల్చుకుంటూనే ఉన్నట్టు, విడవకుండా. దానిపై ఇంటి నుంచి మరొకటి అందుకుంది.

పక్కింటామె నీళ్ళ కోసం తిప్పిన తన కుళాయి ముందు నిలబడి ఉంది. "ఇక్కడ సెయ్యెట్టండి మాస్టారూ."

పెట్టాను. కుళాయి నా అరచేతిని లోపలికి లాక్కుంది, పళ్ళులేని నోరు పట్టుకున్నట్టు. ఊడదీసుకుంటే చర్మం మీద గుండ్రటి ఎర్రటి గుర్తు.

"మాస్టారు నచ్చీసినట్టున్నారు, ఒగ్గట్లేదు," అని ఆమె కోడలు నవ్వింది.

"నవ్వకే గుంటా! ఎవుడో కుళాయి ఒగ్గీసినాడు. నా నారు సచ్చిపోద్ది."

ఇంటి వెనక ఆకుల పందిరి కింద ప్లాస్టిక్ సంచుల్లో ఆమె పెంచుతున్న కాఫీ మొక్కలున్నాయి. వానలు పడగానే కొండవాలులో నాటాల్సినవి. నిన్నటి నీళ్ళు సగానికే సరిపోయాయట. అంచు వరుసల్లో ఆకులు వేలాడుతున్నాయి.

"మీది కట్టే ఉంది కదేటి?" అని అడిగింది. అనుమానంతో కాదు.

"కట్టే ఉంది," అన్నాను.

గదిలోకి వెళ్ళాను. బకెట్ నిండి పొర్లి, గచ్చు మీదుగా వాకిలి దాటి, రాళ్ళలోకి ఇంకిపోయిన తడి. కుళాయి నుంచి ఇంకా సన్నటి ధార. చప్పుడు కాకుండా కట్టేశాను.

ఆ క్షణమే పై ఇళ్ళ మూలుగులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

  నేను లోపలికి వెళ్ళగానే ఆగాయంటే, వదిలింది ఎవరో ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ మౌనం గుమ్మం దాకా వచ్చి ఆగినట్టనిపించింది. తలుపు తీశాను. అందరూ నా గది వైపే చూస్తున్నారు.

"వదిలేసింది నేనే అప్పా. మీతో అబద్ధం కూడా చెప్పాను," అని అక్కలాంటి ఆ పక్కింటామెతో అన్నాను.

"గొట్టం సెప్పీసింది," అంది ఆమె. "బేగి రండి, పొద్దు పోతంది."

గుట్టమీద గాలి పట్టిన చోట ఆమె పానాతో గొట్టం జాయింటు వదులు చేసింది. "నోరెట్టి పీల్సండి. ఆపకండేం." పీల్చాను. తుప్పు వాసన, గాలి, గొట్టం లోతుల్లోంచి ఏదో ఎదురు పీలుస్తున్నట్టు లాగుడు. తల తిరిగేదాకా పీల్చాక నోట్లోకి బురదనీళ్ళు వచ్చాయి.

ఆ సాయంత్రం మొక్కలకు నేనే మగ్గుతో నీళ్ళు పోశాను. అంచున రెండు వరుసలు తేరుకోలేదు. ఆదివారం టైడా వైపు వెళ్ళి ఒక నర్సరీలో చచ్చిపోయినన్ని మొక్కలు కొని బస్సులో తెచ్చాను. ఆమె ఒక్కోదాన్ని తిప్పి చూసి, "వేరు పరవానేదు," అని పందిరి కిందకు జరిపింది. వానలు పడేదాకా రోజూ సాయంత్రం కింద ఎండిన గెడ్డవాగు ఇసుకలో చెలమ తోడి ఆ మొక్కలకు రెండు బిందెలు మోశాను.